చూపు పోతున్నప్పుడు థాంక్స్ దేనికి చెప్పాలి?

చెల్లీ, నీ ప్రశ్నను ఫోన్ చేత రెండుసార్లు చదివించుకుని విన్నాను. నీకు 29 ఏళ్ళు. రెటినైటిస్ పిగ్మెంటోసా, కంటి వెనక పొర మెల్లగా పాడయ్యే జబ్బు. రేచీకటితో మొదలై ఇప్పుడు పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంది. మాదాపూర్‌లో ఉద్యోగం ఇప్పుడు లేదు. కౌన్సెలర్ రోజూ పడుకునే ముందు కృతజ్ఞత కలిగించిన 3 విషయాలు రాయమన్నారు. "చెవులు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, తినడానికి తిండి ఉంది" అని పదకొండు రోజులు రాసి, పన్నెండో రోజు నోట్‌బుక్ మంచం కిందికి తోసేశావు. ఉన్నవాటికి థాంక్స్ చెప్పమనడమంటే పోయినదాని గురించి నోరు మూసుకోమనడమే కదా అని అడిగావు. వంటింట్లోకి అత్తమ్మ రానివ్వడం లేదని చివర్లో ఒక్క ముక్క కలిపావు. నాకు ఆ ముక్కే అసలు ప్రశ్నలా అనిపించింది. దాని దగ్గరికి మెల్లగా వస్తా.

నాదీ అదే జబ్బు. నాకిప్పుడు 57. నీకు దాదాపు రెండింతల వయసు కాబట్టి 'నువ్వు' అనే అంటా, ఏమనుకోకు. మాది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. చిన్నప్పుడు పొద్దుగూకితే గోడలు పట్టుకుని నడిచేదాన్ని. "రేచీకటే, పెద్దయితే పోతది" అన్నారు. ఈ జబ్బులో మసక వెలుతురులో చూసే కణాలు ముందు చచ్చిపోతాయని, పగటి చూపు కణాలు ఆ వెనకే పోతాయని అప్పుడు మాకెవరికీ తెలియదు. 31వ ఏట అచ్చక్షరం చదవడం ఆగిపోయింది. 33లో ఇక్కడ కోఠి దగ్గర ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. ఇప్పుడు మిగిలిందల్లా కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు.

నోట్‌బుక్ తోసేసి నువ్వు తప్పేమీ చెయ్యలేదు. "చెవులు ఉన్నాయి" అని పదకొండు రాత్రులు రాస్తే ఎవరికైనా విసుగే వస్తుంది. అది జనాభా లెక్కల వాళ్ళు రాసుకునే మాటలా ఉంటుంది. పైగా మనకు ఇంకో తంటా ఉంది, కళ్ళున్న కౌన్సెలర్‌కి అది తట్టి ఉండదు. మనం పొద్దున లేచింది మొదలు థాంక్స్ చెబుతూనే ఉంటాం. ఆటో ఎక్కించినవాళ్ళకు, సీటిచ్చినవాళ్ళకు, నోటు ఎంతదో చెప్పినవాళ్ళకు. అక్కర్లేని సాయానికి కూడా. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో నిలబడి ఉంటే ఒక పెద్దాయన మాటామంతీ లేకుండా మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేశాడు. నేను దాటాలనుకోలేదు, బస్సు కోసం నిలబడ్డాను. అవతల వదిలి "జాగ్రత్తమ్మా" అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఆయన వెళ్ళాక మళ్ళీ ఇవతలికి రావడానికి పావుగంట ఇంకో మనిషి కోసం చూశాను. ఆ మనిషికీ థాంక్స్.

రోజంతా ఇలా చెప్పి చెప్పి నోరు ఎండిపోయినదానికి రాత్రి ఇంకో మూడు రాయమంటే ఒళ్ళు మండదా? అందుకని నేను ఈ రెండింటినీ విడదీసుకున్నాను. నోటితో చెప్పేది మర్యాద. అది చెల్లించేస్తాం, అయిపోతుంది. కృతజ్ఞత వేరు. మాటను విప్పి చూడు: కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినది తెలిసి ఉండటం, అంతే. ఆ మాటలో సంతోషం ఉండాలని లేదు, వంగి దండం పెట్టాలని లేదు, పోయినదాన్ని మరచిపోవాలని అసలే లేదు. ఏం జరిగిందో, ఎవరు చేశారో తెలిస్తే చాలు. కళ్ళున్నవాళ్ళకు అది చూస్తే తెలుస్తుంది, చాలాసార్లు చూసి కూడా తెలియదు. మనం చెవితో, ముక్కుతో, వేలితో కనిపెట్టాలి. నేను చేసే సాధన మొత్తం ఆ కనిపెట్టడమే.

ఇది నాకు ఏ క్లాసులోనూ తెలియలేదు, చాయ్ హోటల్లో తెలిసింది. మా ఆఫీసు దగ్గర ఒక ఇరానీ హోటల్ ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు, ఫోన్లు తగ్గాక, వెళ్ళి ఫ్యామిలీ సెక్షన్‌లో రెండో బల్ల దగ్గర కూర్చుంటాను. ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరే, చిక్కగా కాచిన పాలు వేరే. రెండూ కప్పులోనే కలుస్తాయి. అందుకే మొదటి గుక్కలో పాలు, అడుగున డికాషన్ వగరు. ఏళ్ళ తరబడి అక్కడ చాయ్ తాగాను. ఎప్పుడూ చెయ్యి కాలలేదు, ఎప్పుడూ ఒలకలేదు. నాకు అలవాటైపోయింది, నేను బాగా తాగుతున్నాను అనుకున్నాను.

ఒక రోజు కొత్త పిల్లగాడు చాయ్ తెచ్చాడు. నేను రోజూలాగే చెయ్యి చాపితే వేలికి కాలే పింగాణీ తగిలింది. కప్పు పిడి ఎడమవైపుకు తిరిగి ఉంది. సాసర్ పెట్టిన చప్పుడు కూడా రాలేదు. అప్పుడు అర్థమైంది: పాత సర్వర్ ఇన్నేళ్ళూ సాసర్‌ను కావాలనే 'టక్' మనేలా పెట్టేవాడు, కప్పు పిడి నా కుడిచేతికి తిప్పేవాడు, ఉస్మానియా బిస్కెట్లు సాసర్ అంచుకు కాకుండా వేరే ప్లేట్‌లో ఎడమన పెట్టేవాడు. ఒక్క మాట అనలేదు. "అమ్మా, కప్పు ఇటుంది" అని నలుగురికీ వినపడేలా అరవలేదు. నా మీద జాలిపడిన గొంతు నేనెప్పుడూ వినలేదు. వారం తర్వాత అతను ఊరినుంచి వచ్చాడు. 'టక్' మంది. పిడి కుడివైపే ఉంది. ఆ రోజు రాత్రి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను: "ఇవాళ కప్పు పిడి కుడివైపు ఉంది." అంతే. అది నా మొదటి అసలు నోటు. 'చాయ్ దొరికింది' అని రాసి ఉంటే నీ పదకొండు రోజుల్లాగే ఉండేది.

తర్వాత ఒక రోజు అతనికి చెప్పాను కూడా, పిడి సంగతి నాకు తెలుసని. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నానమ్మకు కళ్లు కనపడవు మేడం" అన్నాడు. సాసర్ సంగతి నాకు అప్పుడు మొత్తం తెలిసింది.

నీ కౌన్సెలర్ చెప్పిన పద్ధతికి వెనక పరిశోధన ఉంది, ఊరికే చెప్పిన మాట కాదు. ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో అచ్చువేసిన అధ్యయనాల్లో ఒకటి నరాల కండరాల జబ్బులున్నవాళ్ళ మీద చేసినదే. మూడు వారాలు రోజూ రాసినవాళ్ళకు మనసు కొంచెం తెరిపిన పడింది. కానీ 2005లో వచ్చిన ఇంకో పరిశోధన చూడు: వారానికి ఒకసారి రాసినవాళ్ళకు మేలు కనబడింది, మూడుసార్లు రాసినవాళ్ళకు కనబడలేదు. రోజూ గడి నింపితే పాతబడిపోతుంది మరి. నేను వారానికి ఒక్కరోజే చేస్తాను, ఆదివారం పొద్దున. మిగతా రోజుల్లో ఏదైనా తగిలితే ఫోన్‌లో ఒక వాక్యం పడేస్తా, తగలకపోతే లేదు. వెళ్ళి కౌన్సెలర్‌కి ఇదే చెప్పు, వాళ్ళు ఒప్పుకుంటారు.

ఇక "కళ్ళు పోతే చెవులు పదునెక్కుతాయి, దేవుడు ఒకటి తీసుకుంటే ఒకటి ఇస్తాడు" అనేవాళ్ళు. నీకు ఇప్పటికే వినబడి ఉంటుంది. నా చెవులు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి, ఈ మధ్య కుడి చెవి కాస్త మందగించింది కూడా. మారింది చెవి కాదు, దానికి నేనిచ్చే పని. పుట్టుకతోనో చిన్నతనంలోనో చూపు లేనివాళ్ళు బ్రెయిలీ చదువుతుంటే మెదడులో చూపుకోసం ఉన్న భాగం కూడా పనిచేస్తుందని 1996లోనే స్కాన్లలో చూశారు. నిజమే, అద్భుతమే. కానీ అది పరిహారంగా వచ్చిన వరం కాదు, వేలిని రోజూ అరగదీస్తే వచ్చింది. ఈ తేడా నీకు ముఖ్యం. వరం అనుకుంటే అది రానందుకు నిన్ను నువ్వే తిట్టుకుంటావు.

బ్రెయిలీ నేను 32 దాటుతుండగా నేర్చుకున్నాను. నేర్పినాయన పుట్టు అంధుడు. ఆయన వేలు కాగితం మీద నీళ్ళలా జారేది, నాది గోనెపట్టా మీద గీకినట్టు. చుక్కకూ చుక్కకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు. డిసెంబర్ చలికి వేళ్ళు మొద్దుబారి నాకేమీ అందేది కాదు. పలక మీద గుచ్చి రాసేటప్పుడు కుడినుంచి ఎడమకు రాయాలి, కాగితం తిప్పితే ఎడమనుంచి కుడికి చదవాలి. మొదటి నెల ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

ఒకటి మాత్రం నాకు భలే నచ్చింది. మన దేశ భాషలన్నిటికీ కలిపి 1951లో ఖాయం చేసిన భారతి బ్రెయిలీలో తెలుగుకు వత్తులు లేవు, గుణింతం గుర్తులు లేవు. 'కా' రాయాలంటే క రాసి పక్కన ఆ రాయడమే. దీర్ఘాలూ గుడులూ కొమ్ములూ వేలాడకుండా అచ్చు తానే వచ్చి హల్లు పక్కన కూర్చుంటుంది. 'అమ్మ' రాయాలంటే అ ఒక చుక్క, తర్వాత పొల్లు ఒక చుక్క, ఆ తర్వాత మ, మ. నేను పూర్తిగా రాసిన మొదటి మాట అదే. ఇంటికి తెచ్చి మా అమ్మ వేలు పట్టుకుని దానిమీద పెట్టాను. మా అమ్మకు అక్షరం రాదు, ఎక్కడైనా వేలిముద్రే. ఆమె రెండుసార్లు తడిమి, "గింతేనా? బెల్లం మీద చీమలు పాకినట్టున్నయి" అంది. ఇంకోసారి తడిమింది. చదువు రాని అమ్మ, చదువు జారిపోయిన నేను, ఆ సాయంత్రం ఇద్దరం ఒకే మాట దగ్గర కూర్చున్నాం. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. ఆ కాగితం మీద చుక్కలు అరిగి చదునైపోయాయి. ఎక్కువ అరిగింది మా ఇద్దరిలో ఎవరి వేలికో చెప్పలేను.

వాసన సంగతికి వస్తే, అది మనసులోకి దొడ్డిదారిన వస్తుంది. మిగతా ఇంద్రియాల సమాచారం మెదడులో థాలమస్ అనే ఠాణాలో ఆగి పోతుంది, వాసన ఆ ఠాణా తగలకుండానే జ్ఞాపకాల, భావాల చోటికి చేరుతుంది. అందుకే అరిసెల పాకం వాసన వస్తే మనిషి ఆలోచించకుండానే పాతికేళ్ళు వెనక్కి పోతుంది. మన పనికి మాత్రం వాసన దారి చూపేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే మలక్‌పేట గంజ్ దగ్గర ఉల్లిగడ్డ ఘాటు, ఎండాకాలమైతే మిర్చి కోరు గొంతులో పడుతుంది. ఆ తర్వాత చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ. బస్సంతా ముక్కుకు కొంగులు, కర్చీఫులు పెట్టుకుంటుంది, నేను బ్యాగు భుజాన వేసుకుని లేస్తాను, ఎందుకంటే తర్వాతి స్టాపు నాది. ఇన్నేళ్ళలో కండక్టర్ చెప్పడం మరిచిపోయిన రోజులున్నాయి, మూసీ మరిచిపోయిన రోజు లేదు. ఆ కంపు బాగు చెయ్యాలని అందరితో పాటు నేనూ కోరుకుంటా, కానీ బాగు చేసేముందు ఎవరైనా నాకొక మాట చెప్పాలి.

2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక పిల్లలు దాంట్లో వెళ్ళమంటారు. వెళ్తాను, వానొస్తే. తెలుగులో స్టేషన్ పేరు చెబుతుంది, తలుపు ఎటు తెరుచుకుంటుందో చెబుతుంది, కాళ్ళకింద గీతల టైల్స్ ఉంటాయి. అన్నీ బాగే. కానీ ఏసీ డబ్బాలో ఊరు వాసన రాదు.

వాసనలన్నీ తియ్యనివే అని నీకు అబద్ధం చెప్పను. కోఠి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల దుకాణాలుంటాయి కదా. ఆ ముగ్గిన కాగితం వాసన చాలా ఏళ్ళు నాకు కడుపులో తిప్పినట్టు ఉండేది. రోడ్డు మారి నడిచేదాన్ని. నేను చదువు చెప్పిన మనిషిని, పంతులమ్మగా మూడేళ్ళు చేశాను. ఆ వాసనకు కృతజ్ఞత తెచ్చుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. ఒకరోజు దానంతటదే నాకు పడటం మొదలైంది. ఎప్పుడు, ఎందుకు అన్నది నాకు తెలియదు. నీకూ అలాంటివి ఉంటాయి, వాటిని బలవంతపెట్టకు.

గోల్కొండకు ఒకసారి వెళ్ళు, ఎండ తగ్గాక. కళ్ళున్నప్పుడు రాళ్ళు ఎక్కి ఫొటోలు దిగి వచ్చి ఉంటావు. ఇప్పుడు కింద గుమ్మటం దగ్గర మీ ఆయన్ని నిలబెట్టి నువ్వు ఎవరినైనా తోడు తీసుకుని పైకెక్కు. మెట్లు ఎత్తుపల్లాలు, కర్ర తప్పదు. పైన బాలాహిస్సార్ దగ్గర ఆగి చెవి పెట్టు. కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన పైదాకా వినబడుతుంది. శత్రువు వస్తే పైవాళ్ళకు తెలియాలని కట్టినవాళ్ళు అలా కట్టారు. నా పెళ్ళి పాతబడ్డాక వెళ్ళాం మేము. పైన గాలి, పిల్లల అరుపులు, గైడ్ల కేకలు, వాటి మధ్యలోంచి రెండు పొడి చప్పట్లు. మా ఆయనవే. ఎట్లా తెలుసంటే ఆయన రెండు కొట్టి ఆగి మూడోది ఆలస్యంగా కొడతాడు, భజనలోనూ అంతే, తాళం తప్పుతాడు. పక్కనున్న కళ్ళున్నవాళ్ళంతా కిందికి తొంగి చూస్తూ "ఏడి, ఎక్కడ" అని వెతుక్కుంటున్నారు.

నీకు ఇంకా నడిమి చూపు ఉంది. చాలామందికి అది ఏళ్ళపాటు నిలుస్తుంది. అందరూ "ఉన్నప్పుడే పిల్లల ముఖాలు గుర్తుపెట్టుకో" అంటారు. నేను మా బాబు ముఖాన్ని పాఠంలా బట్టీపట్టాను. నిజం చెప్పనా? ఆ బొమ్మ నిలవలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒక ఫొటో గుర్తొస్తుంది, వాడు గుర్తురాడు. నిలిచింది వాడి నెత్తిమీది సుడి. రెండు సుళ్ళు, ఒకటి కొంచెం ఎడమకు. నూనె పెట్టేటప్పుడు రోజూ వేలికి తగిలేది. మొన్న ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంటే వేలు తిన్నగా అక్కడికే పోయింది. జుట్టు పల్చబడింది, సుడి అక్కడే ఉంది. చూడు చెల్లీ, కళ్ళతో చూసుకునేది చూసుకో, వద్దనను. ఆ చూసేటప్పుడే చెయ్యి కూడా వెయ్యి.

ఒక హద్దు మాత్రం గట్టిగా గీసుకో. ప్రతిదానికీ కృతజ్ఞత పడొద్దు. ఆరేళ్ళ కింద మా గల్లీ మొదట్లో ఎవరో తవ్వి, చుట్టూ ఏ అడ్డూ పెట్టకుండా వదిలేసిన గుంతలో పడ్డాను. చీలమండ విరిగింది, ఏడు వారాలు మంచం మీద. పలకరించడానికి వచ్చినావిడ "తలకు తగల్లేదు, అదృష్టవంతురాలివి" అంది. నాకు అదృష్టం కనబడలేదు, తవ్వినవాళ్ళ నిర్లక్ష్యమే కనబడింది, ఫిర్యాదు రాసి పంపాను. ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టేవాళ్ళకు, చప్పుడు లేకుండా మీదికొచ్చే బ్యాటరీ ఆటోలకు నేను ఏ ఆదివారమూ దండం పెట్టలేదు. అలాగే హక్కుకు రుణపడొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మనకు చదువులో, ఉద్యోగంలో వాటా ఇచ్చింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకైతే అందులో 1 శాతం చూపు లేనివాళ్ళకూ చూపు తక్కువవాళ్ళకూ. అది ఎవరి దయా కాదు. నీ ఉద్యోగం నువ్వు మానేశావా, మాన్పించారా రాయలేదు. మాన్పించి ఉంటే థాంక్స్ నోట్‌బుక్ కాదు, వకీలు కావాలి.

నేను ఆదివారం ఏం చేస్తానో చెబుతా. పొద్దున ఏడింటికి బాల్కనీలో తూర్పు ముఖంగా కూర్చుంటా. చెంపకు ఎండ తగిలేదాకా ఏమీ చెయ్యను. తర్వాత ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఒక్కటంటే ఒక్క సంగతి చెబుతా. నాకు ఏది తగిలింది, వేలికా చెవికా ముక్కుకా నాలుకకా. దాని వెనక ఎవరి చెయ్యి ఉంది. నాకు అది ఎలా తెలిసింది. మూడోది తప్పకుండా చెప్పాలి, అది లేకపోతే మళ్ళీ జనాభా లెక్కలే అవుతాయి. పోయిన నెలది వినిపించనా: "పాల ప్యాకెట్ ఇవాళ గేటు కొక్కేనికి ఉంది. రోజూ మెట్టు మీద ఉండేది. పాలబ్బాయి కొక్కేనికి ఎందుకు తగిలించాడంటే నిన్న మెట్టు మీద పిల్లి చింపిందని నేను పైకి వినబడేలా తిట్టుకున్నాను." నలభై సెకన్లు. వెనక కుక్కరు విజిల్ కూడా పడింది. ఎవరూ చెయ్యని సంగతులూ ఉంటాయి, చెంపమీద ఎండలాంటివి. అవి నేను ఊరికే చెబుతా, ఎవరికీ జమకట్టను. నమ్మకం ఉంటే దేవుడికి కట్టుకో, నీ ఇష్టం. బతుకమ్మ రోజుల్లో మాత్రం నాకు ఆదివారం దాకా ఆగడం కుదరదు. గునుగు పువ్వు చేతిలోకి రాగానే, ఆ పిల్లి తోకలాంటి మెత్తదనానికి, అక్కడికక్కడే ఫోన్ తీస్తా.

కొన్ని ఆదివారాలు ఏమీ రాదు. అప్పుడు రికార్డింగ్ నొక్కి "ఇవాళ ఏమీ లేదు" అని చెప్పి ఆపేస్తా. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి, చెరపను. కానీ వారాల తరబడి అన్నం సయించకపోతే, నిద్ర పట్టకపోతే, బతకడం ఎందుకు అనిపిస్తే అది కృతజ్ఞతతో తీరే వ్యవహారం కాదు. 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్, ప్రభుత్వానిది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నాకు అలాంటి ఏడాదొకటి గడిచింది, అప్పుడు ఈ నంబర్ లేదు. డాక్టర్ మందులిచ్చాడు, వేసుకున్నాను. ఇందులో నామోషీ ఏం లేదు.

బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి నువ్వు చూపించుకోవడానికి వెళ్ళే ఉంటావు. అక్కడే పునరావాస విభాగం ఉంది. కర్ర పట్టి నడవడం, ఫోన్ మాటలతో వాడటం, ఇంటి పనులు నేర్పుతారు. చూపు మొత్తం పోయాక వెళ్దాంలే అనుకోకు, ఉన్నప్పుడు నేర్చుకుంటే సగం భయం అక్కడే పోతుంది. నేను ఆలస్యం చేశాను.

ఇప్పుడు మీ అత్తమ్మ వంటిల్లు. ఆమె నిన్ను రానివ్వనిది చెడ్డతనంతో అయి ఉండదు, నూనె మీద పడుతుందన్న భయంతో. ఆ భయం మాటలతో పోదు. మా అత్తమ్మకూ పోలేదు. నేను చేసింది ఇది: పీట వేసుకుని గుమ్మం పక్కన కూర్చున్నా, పొయ్యికి నాలుగడుగుల దూరంలో. ఏమీ ముట్టుకోలేదు. ఆమె పప్పుకు పోపు పెడుతుంటే విన్నాను. నూనె వేడెక్కకముందు చప్పుడుండదు. ఒక ఆవగింజ వేసి చూస్తారు, అది ఊరికే మునిగితే ఇంకా కాలేదు. కాగితే వెంటనే చిటుక్కుమంటుంది. ఆవాలన్నీ పడ్డాక చిటపట పెరిగి, పెరిగి, పలచబడుతుంది, అప్పుడు జీలకర్ర. జీలకర్రకు చప్పుడు తక్కువ, వాసన ముందు. ఎల్లిగడ్డ ఎర్రబడుతున్నప్పుడు వాసన పచ్చిదనం వదిలి తియ్యబడుతుంది, అది దాటి ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు.

మూడో రోజు నేను కూర్చున్నచోటు నుంచే అన్నాను, "అత్తమ్మా, ఎల్లిగడ్డ ఎక్కువ అయితున్నది, దించుర్రి." ఆమె గంటె ఆపింది. పప్పు పోసిన చుయ్ మన్న చప్పుడు వచ్చింది. ఏమీ అనలేదు. మర్నాడు పీట నాలుగడుగుల దూరంలో లేదు, పొయ్యి పక్కన ఉంది. కారం డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పసుపు డబ్బాకు రెండు. ఎవరు వేశారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వాటి మీద వేలు పెట్టి తడుముతూ చాలాసేపు అలా కూర్చున్నా.

నువ్వూ పీట వేసుకో. చున్నీ నడుముకు బిగించి కట్టు, నైలాన్‌ది కాకుండా నూలుది. ఆవాలు, జీలకర్ర, ఎల్లిగడ్డ దాకా దగ్గరే ఉండు. కల్యామాకు వేసేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకో, తడి ఆరకపోతే బాగా చిందుతుంది.